గోరింట, నీలి, బొగ్గు: గనిసీమయందలి కేశరంజనము

గోదావరిఖనిలో బాయి దిగి పనిచేసి వచ్చిన కార్మికుని తల బొగ్గుధూళిచే నల్లనై యుండును. ఆ నలుపు స్నానముతో పోవును. అదే కార్మికుడు నెరసిన తలకు క్షౌరశాలయందు పూయించుకొన్న నలుపు మాత్రము ఎన్ని స్నానములు చేసినను పోదు. మొదటిది సాక్షాత్తు బొగ్గు. రెండవది బొగ్గుతారునుండి పుట్టిన రసాయనవంశమునకు జెందినది. ఒకే కుదురునుండి వచ్చిన ఈ రెండు నలుపులలో నొకటి వెండ్రుకను అంటక జారిపోవుటయు, రెండవది లోనికి జొచ్చి నిలుచుటయు ఏల సంభవించుచున్నవి? రెండవదానిని ప్రజలు నేటికిని గోరింటపేరనే ఏల పిలుచుచున్నారు? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము కేశరంజన చరిత్రయందే కలదు. రెండవ ప్రశ్న శబ్దార్థవిచారమునకు సంబంధించినదైనను, దాని ఫలము దేహారోగ్యమును గూడ అంటుచున్నది.

జరచే కేశములకు కలుగు తెలుపును సంస్కృతమున పలితమందురు. తెలుగున నర యను మాటయు, నరయు, నెరయు నను క్రియారూపములును కలవు. అరవమున దీనికి సోదరపదమైన నరై కలదు గావున ఈ మాట ద్రావిడభాషలయందు మిగుల పాతదని తెలియవచ్చును. సుశ్రుతుడు పలితమును క్షుద్రరోగములలో లెక్కించెను. క్రీ. శ. 6 వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తిని జెప్పబూని, ముందుగా కేశములను నల్లపరచు విధమునే వివరించెను. తల తెల్లనైనవానికి ఎట్టి యలంకారమును రాణింపదని ఆయన తలంపు. ఆరికలను పులిసిన ద్రవముతో ఇనుపపాత్రయందు వండి, లోహచూర్ణముతో మెత్తగా నూరి తలకు పట్టించి, పచ్చియాకులు కప్పి, రెండుజాములైన పిమ్మట కడిగి, తరువాత ఉసిరికముద్దను పట్టించవలెనని ఆ ప్రయోగసారము.

ఈ యోగమునందలి కీలకము తెలుగు పండితులకు క్రొత్తది కాదు. పూర్వము మనవారు కరక్కాయ కషాయమున అన్నభేది కలిపి వ్రాతసిరా చేసికొనుచుండిరి. కాయలోని వగరుద్రవ్యము ఇనుముతో గూడినపుడు నల్లనగును. వరాహమిహిరుని యోగమున పులుసు ఇనుమును కరిగించును; ఉసిరికయందలి వగరు దానితో జేరును. కాగితముపై అక్షరమును నిలిపినదియు, తలపై నలుపును నిలిపినదియు ఒకే విద్య యని చెప్పవచ్చును.

తెలుగునాట ఇంటింటను దొరకు కేశరంజన ద్రవ్యములు మరికొన్ని కలవు. గుంటగలగర, ఉసిరిక తైలములందు వాడబడుచుండెను. రంగు నిచ్చుటకు మాత్రము ముఖ్యమైనవి రెండే: గోరింట, నీలి. ఆషాఢమున స్త్రీలు చేతులకు పెట్టుకొను గోరింటాకునే తెలంగాణమున మైదాకు అందురు. ఎండిన ఆకునందు నూటికి సుమారు ఒకటి రెండు పాళ్లు మాత్రమే యుండు లాసోను అను ద్రవ్యము చర్మమునందును, వెండ్రుకయందును ఉండు కెరటిను అను పదార్థముతో గట్టిగా కలిసికొని ఎరుపుతో గూడిన నారింజవన్నె నిచ్చును. గోరింట యిచ్చునది ఈ వన్నెయే. ఆకు ఎంత మంచిదైనను, ఎన్ని గంటలు ఉంచినను, ఒంటరిగా దానినుండి నలుపు రాదు.

నలుపు కావలెనన్నచో నీలి కూడవలెను. నీలియాకున నీలివర్ణము ముందుగా ఉండదు. ఇండికాను అను వర్ణరహితద్రవ్యము మాత్రముండును. ఆకు తడిసినపుడు అది విడిపోయి, గాలిలోని ప్రాణవాయువుతో గలిసి నీలమగును. ముందు గోరింట పట్టించి కడిగి, పిమ్మట నీలి పట్టించినచో ఎరుపుపై నీలము చేరి నలుపు తోచును. హైదరాబాదు సంస్థానమున ఉర్దూ రాజభాషగా నుండిన కాలమున ఈ విద్యకు సంబంధించిన మాటలు గూడ వాడుకలో నుండెను. ఖిజాబు అనగా తలరంగు. వస్మ యనగా కేశములను నల్లపరచు నీలియాకు. ఈ రెండవ పదము నేటికిని విక్రయనామములలో నిలిచియున్నది. కాని ఆ పేరు మోయు సరకులో నీలియాకు ఉండవలెనను నియమము లేదు.

నీలి తెలుగుదేశమునకు ఒకప్పుడు ధనము దెచ్చిన పంట. 17 వ శతాబ్దమున గోలకొండరాజ్యములోని నాగులవంచయందు డచ్చివారు వర్తకశాల నుంచి నీలిమందు కొని, మచిలీపట్టణపు రేవునకు చేర్చుచుండిరి. ఆ నాగులవంచ నేటి ఖమ్మముజిల్లాలోనిది. సింగరేణి గ్రామమును అదే జిల్లాలోనిది. పాత నలుపునకు ఆకు నిచ్చిన సీమయే తరువాత బొగ్గునకు పేరు నిచ్చుట గమనింపదగినది.

1871 లో భూగర్భశాఖకు జెందిన విలియం కింగు ఇల్లందు సమీపమున బొగ్గును కనుగొనెను. 1886 లో హైదరాబాదు దక్కను కంపెనీ గనిహక్కులను బొందెను. 1889 లో బొగ్గు తీయుట ప్రారంభమయ్యెను. 1920 లో సింగరేణి కాలరీసు కంపెనీ యను పేరు స్థిరపడెను. అక్కడినుండి గనులు గోదావరీ లోయవెంట ఉత్తరముగా వ్యాపించి, 1960 వ దశాబ్దమునాటికి రామగుండము చేరెను. గోదావరి యొడ్డున ఖని వెలసినది గావున పట్టణమునకు గోదావరిఖని యను పేరు కలిగెను.

ఇల్లందున బొగ్గు బయటపడుటకు కొంచెము ముందుగానే ఐరోపాలో బొగ్గునకు మరియొక ప్రయోజనము తెలియవచ్చియుండెను. దీపవాయువు కొరకును, కోకు కొరకును బొగ్గును మూసలలో కాల్చునపుడు మిగులు తారును అంతవరకు వ్యర్థపదార్థముగా నెంచుచుండిరి. 1856 లో లండనునందు పెర్కిను అను పదునెనిమిదేండ్ల విద్యార్థి తారుసంతతిలోని అనిలీనునుండి ఊదారంగును తీసెను. 1863 లో హాఫ్మన్ పారాఫినిలీన్ డయమీన్ అను ద్రవ్యమును వర్ణించెను. అది వెండ్రుకలకు రంగు నీయగలదని 1883 లో పారిసునందు ఏకస్వము పొందబడెను. 1897 లో జర్మనీలో కృత్రిమనీలి వ్యాపారమునకు వచ్చెను. దానితో హిందూదేశపు నీలిసాగు కొద్ది కాలములోనే క్షీణించెను. 1907 లో యూజీన్ షూలేర్ అను ఫ్రెంచి రసాయనవేత్త క్షౌరశాలల కొరకు కృత్రిమ కేశరంజనమును సిద్ధపరచి, రెండేండ్లకు దానిపై గొప్ప సంస్థను స్థాపించెను. ఇట్లు బొగ్గుతారు ఒకచేత నీలిపొలమును తుడిచిపెట్టి, రెండవచేత నీలి చేయుచుండిన పనిని తాను గైకొనెను. సింగరేణి బొగ్గు ఆవిరియంత్రములకును, విద్యుత్తునకును ఉపయోగించు జాతిది గాని రంగులకు తారు నిచ్చినది కాదు. నేటి రంగుద్రవ్యములకు ముడిసరకు చాలవరకు శిలాతైలమునుండి వచ్చుచున్నది. అయినను వంశమూలము బొగ్గే.

ద్రవ్యము మారినట్లే దానిని ప్రయోగించువారి బ్రతుకును మారెను. పల్లెలో క్షౌరవృత్తివారికి కూలి నగదుగా ముట్టుచుండలేదు. పంట నూర్చినపుడు కళ్లమున మేర కొలుచుచుండిరి. పొదిలో కత్తి, సాన, చిన్న అద్దము పెట్టుకొని వారే యింటింటికి పోవుచుండిరి. పెండ్లిలో సన్నాయి, డోలు వారివే. కురుపు కోయుట, పుండు కట్టుట వారు చేయుదురు. కాన్పులందు వారి స్త్రీలు తోడ్పడుదురు. నిజామురాజ్యమున దొరల గడీలలో ఈ సేవయంతయు వెట్టిగా చేయవలసియుండెను. మంగళశబ్దమునుండి వచ్చినదని చెప్పబడు కులనామము నిందగా మారుటకు ఈ వెట్టియే చాలవరకు కారణము. వారిప్పుడు నాయీబ్రాహ్మణులను పేరును గౌరవముగా ధరించుచున్నారు.

గనిపట్టణమున కళ్లము లేదు, మేర లేదు. నెలజీతము తెచ్చుకొను కార్మికుడు పనికి రొక్కమిచ్చును. పూర్వము వృత్తివాడు ఇంటిముందు నిలువవలసియుండగా, ఇచ్చట వచ్చువాడే బల్లపై కూర్చుండి తన వంతునకై వేచియుండును. ఈ మార్పు చిన్నది కాదు. పరభాషలో విశాలమైన గదికి పేరైన సలోను అను ఫ్రెంచిమాట ఆంగ్లముద్వారా సెలూనుగా తెలుగున జేరి, నాలుగడుగుల కొట్టునకును గౌరవము దెచ్చెను. గనిలో పని మూడుపూటలు సాగును గావున రాత్రిపని ముగించినవాడు ఉదయమున, మొదటిపూట ముగించినవాడు సాయంకాలమున రాగలడు. స్త్రీలకు ప్రత్యేకముగా బ్యూటీపార్లరులు వెలసినవి. తెలంగాణప్రభుత్వము 2021 ఏప్రిల్ 1 నుండి క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్లవరకు ఉచితవిద్యుత్తు నిచ్చు ఏర్పాటు చేసెను. రామగుండమున 1983 నుండి విద్యుత్తు నిచ్చుచున్న జాతీయ తాపవిద్యుత్సంస్థ కేంద్రము 2600 మెగావాట్ల శక్తి గలది; దానికి సింగరేణి బొగ్గే యాధారము. బొగ్గు ఈ త్రోవనుగూడ సెలూనులోనికి ప్రవేశించినది.

ఇక మొదటి ప్రశ్నకు సమాధానము. వెండ్రుకపై చేపపొలుసులవంటి పొర కలదు. బొగ్గుధూళి యెంత మెత్తనిదైనను ఆ పొరపై కూర్చుండునే గాని లోనికి పోదు. వెండ్రుకతో దానికి రసాయనసంబంధము లేదు. కావున నీరు, సబ్బు తగిలినంతనే విడిపోవును. క్షౌరశాలయందలి రంగు రెండు పాత్రలలో వచ్చును. ఒకదానియందు పారాఫినిలీన్ డయమీను, దానికి తోడగు మరియొక ద్రవ్యము, పొలుసును తెరచుటకు అమ్మోనియావంటి క్షారము ఉండును. రెండవదానియందు హైడ్రోజను పెరాక్సైడు ఉండును. కలిపి పూసినపుడు చిన్నచిన్న అణువులు వెండ్రుకలోనికి జొరబడి, ప్రాణవాయువుతో గలిసి పెద్ద నల్లని అణువులుగా పెనవేసికొనును. జొచ్చిన దారినే వెలికి వచ్చుటకు వాటికిక వీలుండదు. నీలి గాలితో కలిసి రంగగుట యెట్టిదో ఇదియు నట్టిదే. నీలి యీ పనిని మెల్లగా చేయును. ఇది ముప్పావుగంటలోపల ముగించును.

ఆ శీఘ్రతకు వెల కలదు. పారాఫినిలీన్ డయమీను కొందరి చర్మమునకు పడదు. ఒకసారి పడకపోయినచో ఆ విముఖత చాలవరకు జీవితాంతముండును. మొదటిసారి ఏమియు తోచక, రెండవసారియో పదవసారియో నుదురు, చెవులు, కనురెప్పలు వాచి దురదపెట్టవచ్చును. 2006 లో అమెరికా చర్మవైద్యుల సంఘమొకటి దీనిని ఆ సంవత్సరపు ప్రధాన స్పర్శదోషకారిగా ప్రకటించెను. తలపై నంటునపుడు దీని పాలు నూటికి రెండు మించరాదని ఐరోపా సమాఖ్యనియమము. పూయించుకొనువాని కష్టము నెలకొకనాటిది. పూయువాని కష్టము దినదినము. చేతితొడుగు లేక రంగు కలుపు వృత్తివారి వ్రేళ్లు పగులుట, పుండ్లుపడుట ప్రపంచమంతట కనబడుచున్నది. ఈ ద్రవ్యము నోటిద్వారా లోనికి పోయినయెడల ముఖము, కంఠము వాచి ఊపిరి యాడక పోవును. పిమ్మట కండరములు, మూత్రపిండములు చెడును. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఆలసింపక వైద్యశాలకు చేర్చుటయే ప్రాణరక్షణము. తెలుగుజిల్లాల వైద్యులు ఇట్టి సంఘటనలను వైద్యపత్రికలలో పలుమారులు ప్రకటించియున్నారు. ఇంటిలో పిల్లలకు అందనిచోట దీనిని దాచవలయును.

రెండవ ప్రశ్న ఇచ్చట ప్రాధాన్యము వహించుచున్నది. అంగడిలో హెన్నా, నల్లహెన్నా యను పేళ్లతో అమ్ము పొడులు అనేకము గలవు. హెన్నా యనగా గోరింటయే. వానిలో కొన్ని గోరింటపొడికి పారాఫినిలీన్ డయమీను కలిపినవి. కొన్నవాడు ఆకు కొంటినని తలచును. ఆకునకు పరీక్ష యేల యని నేరుగా తలకు పట్టించును. అతని చెవివెనుక పుట్టిన పొక్కునకు అతడే గోరింటను నిందించును. మరునెల మరియొక పేరుగల అదే ద్రవ్యమును కొనును. శబ్దము నిలిచి అర్థము జారిపోయినపుడు కలుగు నష్టమునకు ఇంతకంటె ప్రత్యక్షమైన ఉదాహరణము వేరొకటి అక్కరలేదు.

దీనికి విరుగుడు శబ్దజ్ఞానమునందే యున్నది. గోరింట ఒంటరిగా నలుపు నీయదు. కావున ఒక్కపూతతో, కొద్ది నిమిషములలో కాటుకనలుపు నిచ్చు పొడి దేనికైనను గోరింట యను పేరు చాలదు. అందు వేరొకటి కలదు. దాని పేరు పెట్టెపై చిన్న అక్షరములతో అచ్చుపడియుండును. అది చదువదగినది. చదివిన పిమ్మట ఆ ద్రవ్యమునే కోరువారు చెవివెనుకనో మోచేతి మడతయందో కొంచెము పూసి, 48 గంటలు చూచి, దురదగాని ఎరుపుగాని లేనిచో వాడుకొనవచ్చును. పూయువారు చేతితొడుగు విడువరాదు. సెలూనులో రంగు కలుపునతడు పెట్టెమీది పేరును చదివి చెప్పగలిగినచో, పూర్వము పల్లెలో పుండు కట్టి ప్రాణము నిలిపిన తన పెద్దల వైద్యవిద్యను అతడు కొనసాగించినవాడగును.

పాఠశాలలలో గోరింట, నీలి యను మాటలకు అర్థము చెప్పునపుడు ఒకటి చెట్టు, రెండవదియు చెట్టే యని చెప్పి విడుచుట వాడుక. గనిసీమలోని బాలురకు మరియొక వాక్యము చేర్చి చెప్పవలసియున్నది: గోరింట యెరుపు నిచ్చును, నీలి తోడైన నలుపగును, ఆకు లేక వచ్చిన నలుపు బొగ్గువంశమునుండి వచ్చినది. తండ్రి తలమీది ధూళినలుపును దినదినము చూచు ఆ బాలురకు ఈ మూడవ మాట మిగుల సులభముగా బోధపడును.