గుమ్మంలోకి తెచ్చి చూసే మీటరు

మ్యాచింగ్ సెంటర్లో జాకెట్టు ముక్క కొనేటప్పుడు ఆడవాళ్లు ఊరికే నమ్మరు. ట్యూబ్‌లైటు కింద చీరకు అచ్చంగా కలిసిన ముక్కను, చీరతో సహా గుమ్మంలోకి తెచ్చి పగటి వెలుగులో మళ్లీ చూస్తారు. ఒక్కోసారి అక్కడ గుట్టు బయటపడుతుంది. ఒక వెలుగులో ఒకటిగా, మరో వెలుగులో వేరుగా కనిపించే ఈ తంతుకు శాస్త్రం పెట్టిన పేరు మెటామెరిజం. ఫోటో ప్రింటు రంగు కొలవడానికి ఏ మీటరు కొనాలో తేల్చేది కూడా అదే.

మన కంట్లో రంగును పట్టే శంకు కణాలు మూడు రకాలు. ఎన్ని తరంగాలు కలిసి వచ్చినా కన్ను వాటిని మూడు సంకేతాలుగానే కుదిస్తుంది. అందుకే వేరువేరు తరంగాల కలయికలు కూడా ఒక్కోసారి ఒకే రంగులా కనిపిస్తాయి. ఈ చూపును అంకెల్లో పెట్టడానికి 1920లలో ఇంగ్లండులో రైట్ అనే పరిశోధకుడు 10 మందిని, గిల్డ్ అనే మరో పరిశోధకుడు ఏడుగురిని కూర్చోబెట్టి రంగులు కలిపించారు. ఆ 17 మంది చూపును సగటు చేసి 1931లో సీఐఈ అనే అంతర్జాతీయ సంఘం 'ప్రామాణిక పరిశీలకుణ్ణి' తయారుచేసింది. ప్రింటు రంగుల లెక్క ఈనాటికీ ఆ కొద్దిమంది కళ్ల మీదే నడుస్తోందంటే నాకు ఇప్పటికీ వింతే.

కన్ను దొరికింది; కొలిచే చెయ్యి కావాలి. అప్పటిదాకా ఒక్కో తరంగం దగ్గర ఆగి, కంటితో పోల్చి రాసుకోవడమే. అమెరికాలో ఎంఐటీ ఆచార్యుడు ఆర్థర్ హార్డీ ఆ చాకిరీని యంత్రానికి అప్పజెప్పాడు. కాంతి కిరణం నమూనా మీదా, తెల్లటి ఫలకం మీదా మార్చి మార్చి పడుతుంది. రెండింటి వెలుగులో తేడా ఉంటే ఫోటోసెల్‌లో విద్యుత్తు ఊగిసలాడుతుంది. ఆ ఊపు ఆగేదాకా మోటారు రెండు వెలుగులనూ సరిచేస్తూ పోతుంది. పక్కనే కలం ఏ తరంగం ఎంత తిరిగొస్తోందో చూపే వంపును కాగితం మీద గీస్తుంది. రంగు తన జాతకం తానే రాసుకున్నట్టన్నమాట. 1935లో జనరల్ ఎలక్ట్రిక్ దాన్ని అమ్మకానికి పెట్టింది. అదే స్వయంగా గీత గీసే స్పెక్ట్రోఫోటోమీటరు.

దాని మనవలు ఇప్పుడు గుప్పిట్లో ఇముడుతున్నాయి. 2008లో వచ్చిన కలర్‌మంకీ ఫోటో అలాంటిదే. సొంత దీపంతో కాగితాన్ని వెలిగించి, తిరిగొచ్చిన కాంతిని తరంగాల వారీగా విడదీస్తుంది. స్క్రీనుకు తగిలించే కలరీమీటరుకు ఆ దీపం ఉండదు, ఉన్నవల్లా ఫిల్టర్లే. తెర పనికి బంగారం, ప్రింటు పనికి చాలదు. సిరా ఎంత దట్టంగా పడిందో మాత్రమే కొలిచే డెన్సిటోమీటరును కూడా తీసిపారేయకండి: ల్యాబులో నిన్నటి ప్రింటూ ఇవాళ్టి ప్రింటూ ఒకేలా వస్తున్నాయా అని చూసుకోవడానికి అది చాలు. కానీ కొత్త కాగితానికి ప్రొఫైలు, అంటే ఆ కాగితం మీద ప్రింటరు రంగులు ఎలా పడతాయో సాఫ్ట్‌వేరుకు చెప్పే పట్టిక, కట్టాలంటే వంపు మొత్తం చదివే స్పెక్ట్రోనే కొనాలి.

కొనే ముందు ఒక్క ప్రశ్న అడగండి: దీని దీపంలో అతినీలలోహితం ఎంత? తళతళలాడే కాగితాల్లో సబ్బుపొడిలో కలిపే మెరుపు రసాయనమే ఉంటుంది. అది కనబడని అతినీలలోహితాన్ని మింగి నీలంగా వెలుగుతుంది. మీటరు ఆ నీలాన్ని కాగితం సొంత రంగనుకుంటే, సాఫ్ట్‌వేరు విరుగుడుగా పసుపు పెంచుతుంది. ఆల్బమ్‌లో పెళ్లికూతురి ముఖానికి ఎవరూ పూయని నలుగు కనిపిస్తుంది! 2009 నాటి ఐఎస్‌ఓ 13655 ప్రమాణం ఈ కొలత పద్ధతులకు ఎం0, ఎం1, ఎం2, ఎం3 అని పేర్లు పెట్టింది. ఎం1లో పగటి వెలుగుకు దగ్గరి అతినీలలోహితం ఉంటుంది. ఎం2లో దాన్ని వడగట్టేస్తారు. మెరుపు కాగితం వాడేవారు ఈ రెండూ ఇచ్చే మీటరు చూసుకోవాలి.

మీటరు తెచ్చాక తొందరపడకూడదు. ఇంక్‌జెట్ ప్రింటు ఆరేకొద్దీ రంగు కొంత జరుగుతుంది. కొలత కోసం ముద్రించిన రంగు గళ్ల కాగితాన్ని రాత్రంతా వదిలేసి, తెల్లారి కొలవండి.