సంకటి తప్పా? మాకరోనీ తప్పా?

ఎదుటివాడి కంచంలోకి తొంగి చూడడం మర్యాద కాదని మన పెద్దవాళ్ళు చెబుతారు. లోకంలో ఆహార సంస్కర్తలని పేరుపడ్డ వారంతా చేసిన పని మాత్రం అదే. కంచంలోకి తొంగి చూడడం, అందులో ఉన్నది మంచిది కాదని పెదవి విరవడం! అలా చూసినవారిలో కొందరు ప్రాణాలు నిలిపారు. కొందరు ఊరంతటినీ నవ్వించారు. ఈ రెండు రకాలనూ ఒక్కచోట చూడాలంటే ఇటలీ చరిత్ర తిరగవేయాలి. రోజూ పొయ్యి దగ్గర నిలబడే మనిషిని కాబట్టి, రాజుల కథలకంటె ఈ కథే నాకు ఎక్కువ రుచించింది.

ఇటలీ అనగానే మనకు మాకరోనీ, స్పగెట్టి గుర్తుకొస్తాయి. కాని ఉత్తర ఇటలీలో, లొంబార్డీ, వెనెటో ప్రాంతాల రైతు తరతరాలుగా తిన్నది పొలెంటా. పొలెంటా అంటే మరేమీ కాదు, మొక్కజొన్న పిండి సంకటి. రాగి కళాయిలో నీళ్ళు మరగనిచ్చి, ఉప్పు వేసి, పిండిని సన్నని ధారగా పోస్తూ, ఉండ కట్టకుండా కర్రతో ముప్పావుగంట కలియబెడతారు. గట్టిపడ్డాక చెక్కపలక మీద బోర్లించి, దారంతో ముక్కలు కోస్తారు. మన రాయలసీమ ఇల్లాలు చూస్తే, తెడ్డు పట్టుకుని సాయానికి వెళుతుంది.

మొక్కజొన్న ఇటలీ పంట కాదు. కొలంబస్ ప్రయాణాల తరువాత అమెరికా నుంచి వచ్చింది. అదే చెక్కలో గోధుమకంటె ఎక్కువగా పండుతుంది. అంచేత భూస్వాములకు అది వరమయింది. గోధుమలు కౌలు కిందా, అమ్మకానికీ పోయేవి. రైతు ఇంట్లో మొక్కజొన్న మిగిలేది. పొద్దున సంకటి, మధ్యాహ్నం సంకటి, రాత్రి సంకటి. పక్కన నంజుకోవడానికి ఏమీ లేదు.

అప్పుడు ఒక రోగం బయలుదేరింది. వసంతకాలం రాగానే ఎండ తగిలిన చోటల్లా చర్మం కందిపోయి, నల్లబడి, బీటలు వారేది. తరువాత విరేచనాలు. ఆ తరువాత మతి చలించడం. చివరికి చావు. 1771లో ఫ్రాన్చెస్కో ఫ్రపోలీ అనే మిలాన్ వైద్యుడు దీనికి జనం వాడే మాటనే పేరుగా రాశాడు: పెలాగ్రా, అంటే గరుకు చర్మం. 1881లో లెక్క తీస్తే ఇటలీలో ఈ రోగులు లక్షకు పైగా తేలారు. ఉత్తరాది పిచ్చాసుపత్రులలో ఎందరో వీరే.

రోగం సంకటి తినేవారికే వస్తోందని అందరికీ కనిపించింది. అయితే తప్పు ఎక్కడుంది? చేజారే లొంబ్రోజో అనే పేరుమోసిన వైద్యుడు, బూజుపట్టి చెడిన మొక్కజొన్నలో విషం ఉందన్నాడు. 1902లో ప్రభుత్వం ఒక చట్టం చేసి, చెడిన మొక్కజొన్న అమ్మకాన్ని అరికట్టబోయింది. రైతుకు దొరికే కూలి ఎంత, కంచంలో ఇంకేమైనా ఉందా అని అడగడం కంటె బూజును తప్పుపట్టడం తేలిక కదా!

జవాబు మరొక దేశంలో దొరికింది. అమెరికా దక్షిణ రాష్ట్రాలలోనూ పేదలు మొక్కజొన్నతోనే పొట్ట నింపుకునేవారు. అక్కడా ఇదే రోగం. 1914లో డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ రంగంలోకి దిగాడు. ఇది అంటురోగమే అయితే, అనాథాశ్రమంలో పిల్లలకు వచ్చి, వారిని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగులకు ఎందుకు రాదని ఆయన ప్రశ్న. ఆ పిల్లల భోజనంలో పాలు, గుడ్లు, మాంసం, చిక్కుడుజాతి గింజలు చేర్పించాడు. రోగం తగ్గిపోయింది. లోపించిన పదార్థం నియాసిన్ అనే విటమిన్ అని 1937లో కాన్‌రాడ్ ఎల్వెజెమ్ పరిశోధనలో తేలింది.

ఇక్కడ చిత్రం చూడండి. మొక్కజొన్నలో నియాసిన్ లేకపోలేదు. ఉంది కాని ఒంటబట్టని రూపంలో బిగుసుకుని ఉంది. మొక్కజొన్నకు పుట్టిల్లయిన మెక్సికోలో ఆడవాళ్ళు వేల ఏళ్ళుగా ఆ గింజలను సున్నపునీళ్ళలో ఉడికించి, కడిగి, రుబ్బి రొట్టెలు చేస్తున్నారు. ఆ సున్నం వల్ల బిగిసిన విటమిన్ విడివడుతుంది. పైగా వారి భోజనంలో చిక్కుడుగింజలు ఉండనే ఉన్నాయి. తెల్లవాళ్ళు గింజను ఓడ ఎక్కించారు. దాన్ని వండే తెలివిని రేవులోనే వదిలేశారు. ఆ వంటింటి తెలివిని అడిగి తెలుసుకోనందుకు ఇటలీ రైతు నూట యాభై ఏళ్ళకు పైగా మూల్యం చెల్లించాడు.

ఇది పరాయి దేశపు ముచ్చట అనుకోకండి. దక్కన్ పీఠభూమిలో, జొన్నలే తిండిగా బతికిన పేదలలోనూ పెలాగ్రా కనిపించింది. కూనూరులో పుట్టిన పోషకాహార పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే. అక్కడి డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో ‘లాన్సెట్’ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. జొన్నలో లూసిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండడం ఇందుకు కారణం కావచ్చునని వారి ప్రతిపాదన. దానిమీద శాస్త్రజ్ఞులలో వాదోపవాదాలు చాలాకాలం సాగాయి. వాదం ఏమైనా, జొన్నరొట్టె తిన్న ప్రతివారికీ ఈ జబ్బు రాలేదు. మా అమ్మమ్మ జన్మంతా జొన్నరొట్టే తిన్నది. పక్కన పప్పు, ఆకుకూర, గిన్నెడు మజ్జిగ ఉండేవి. ఆ పక్కవి లేని ఇంటినే రోగం వెతుక్కుంటూ వచ్చింది.

ఇక ఇటలీలో రెండో రకం సంస్కర్తను చూద్దాం. పేరు పెల్లెగ్రీనో ఆర్టూసీ. వైద్యుడు కాదు, వంటవాడు కాదు. ఫ్లారెన్స్‌లో స్థిరపడిన పట్టు వర్తకుడు, బ్రహ్మచారి. ఇటలీ ఒక్క రాజ్యంగా ఏర్పడింది 1861లో. ఒక ప్రాంతం వంట ఇంకో ప్రాంతానికి తెలియదు. ఒకరి మాట ఇంకొకరికి అర్థం కాదు. గొప్పవారి వంటశాలల్లో ఫ్రెంచి పేర్లు రాజ్యమేలేవి. ఆర్టూసీ 1891లో, తన 71వ ఏట, వంటల పుస్తకం ఒకటి సొంత ఖర్చుతో అచ్చువేయించాడు. పుట్టిన ఊళ్ళో లాటరీలో ఆ పుస్తకం బహుమతిగా దక్కిన ఇద్దరు, ఇదెందుకు మనకని పొగాకు దుకాణంలో అమ్మేసుకున్నారట! ఈ సంగతి ఆయనే ముందుమాటలో చెప్పుకున్నాడు. కాని మధ్యతరగతి ఇల్లాళ్ళు ఆ పుస్తకాన్ని అక్కున చేర్చుకున్నారు. మా ఊళ్ళో ఇలా చేస్తాం, మా అత్తగారు అలా చేసేవారు అని ఉత్తరాలు రాశారు. ఆయన వాటిని విన్నాడు. 475 వంటకాలతో మొదలైన పుస్తకం, 1911లో ఆయన పోయేనాటికి 790కి పెరిగింది. పుస్తకం హక్కులను తన ఇంటి వంటమనిషికీ, పనిచేసే ఆమెకూ రాసి పోయాడు. సంకటితో బతికే రైతుకు ఆ వంటలు అందుబాటులోవి కావు, నిజమే. అయినా ఒకరిని తక్కువచేయకుండా నేర్పడం ఎలాగో ఆర్టూసీకి తెలుసు.

మూడో ఆయన కవి. ఫిలిప్పో తొమ్మాజో మారినెట్టి అనే ఈ కవిగారు 1930 డిసెంబరు 28న ట్యూరిన్ పత్రికలో ఒక ప్రకటన చేశారు. పాస్తా తినడం మూలాన ఇటలీ ప్రజలు సోమరులై, నిరాశావాదులై పోతున్నారు, దాన్ని రద్దు చేయాలి, బియ్యం తినాలి! అప్పటికి ముస్సోలినీ 1925 నుంచి ‘గోధుమల యుద్ధం’ నడుపుతున్నాడు. విదేశీ గోధుమలు తగ్గాలి, స్వదేశీ బియ్యం చెల్లాలి. కవిగారి పాట ప్రభుత్వం తాళానికి సరిగ్గా సరిపోయింది. 1931లో ట్యూరిన్‌లో ఒక భోజనశాల కూడా తెరిచారు. వారి విందు ఒకదానిలో కుడిచేత్తో ఆలివ్ పండు తింటూ, ఎడమచేత్తో గరుకు కాగితాన్నీ, పట్టునూ, మఖమలునూ తడమాలి. వడ్డించేవాడు మెడమీద అత్తరు చల్లుతాడు. వెనకనుంచి విమానం ఇంజను మోత! లాక్విలా పట్టణపు స్త్రీలు పాస్తా పక్షాన సంతకాలు చేసి పంపారు. మారినెట్టి స్పగెట్టి తింటున్నట్టు ఫొటోలు కూడా ప్రచారంలోకి వచ్చాయి. అవి అతికించినవని ఆయన పక్షం వాదించింది.

నవ్వులాటను అలా ఉంచండి. ‘గోధుమల యుద్ధం’లో పంట పెరిగింది గాని, పచ్చికబయళ్ళూ ఆలివ్ తోటలూ కొన్నిచోట్ల గోధుమ పొలాలుగా మారాయి, సామాన్యుడి కంచం నిండలేదు. పెలాగ్రా వెనకబట్టింది ఉపన్యాసాల వల్ల కాదు, పేదల తిండిలోకి మరికాస్త గోధుమ రొట్టె, పాలు, మాంసం వచ్చి చేరినందువల్ల. ఇంకొక విడ్డూరం ఉంది. యుద్ధానంతరం అన్సెల్ కీస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు దక్షిణ ఇటలీ సామాన్యుల భోజనాన్ని పరీక్షించి, పాస్తా, పప్పుగింజలు, ఆకుకూరలు, ఆలివ్ నూనె గుండెకు మేలన్నాడు. 2010లో యునెస్కో ఆ మధ్యధరా భోజన సంప్రదాయాన్ని మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. కవిగారు దేశద్రోహి అన్న పాస్తాయే!

నేడు మనకూ సంస్కర్తల కొదవ లేదు. అన్నం విషమంటారు ఒకరు, చిరుధాన్యాలే అమృతమంటారు ఇంకొకరు. వారు చెప్పేది వినండి; వినవలసింది ఉంటుంది. కాని ఒక్క ధాన్యాన్ని దేవుణ్ణో దయ్యాన్నో చేసేవారిని, దాని పక్కన కంచంలో ఏముందో కూడా అడగండి. మన ఇంట్లో పనిచేసే మనిషి కంచం సంగతీ అడగండి.

పొలెంటా చేసి చూడాలనిపిస్తే, ఒక గ్లాసు మొక్కజొన్న రవ్వకు నాలుగు గ్లాసుల నీళ్ళు. సన్నని సెగమీద, చేయి ఆపకుండా కలపండి. దించేముందు కాస్త వెన్న. పక్కన మాత్రం ముద్దపప్పు, పాలకూర వేపుడు తప్పకుండా ఉండాలి.