మెట్లు లేని బాసు



మన వీణకు మైనముపై నిలిపిన మెట్లు ఇరువదినాలుగు. స్వరస్థానమును మెట్టే నిర్ణయించును. గోటువాద్యమునకో మెట్లు లేవు. అచ్చట వాదకుని చెవియే మెట్టు. ఈ భేదమును మనసున నిలుపుకొనినచో నేడు చెప్పబోవు అమెరికా వాదకుని చరిత్రము సులభముగా బోధపడును.

ఆతని పేరు జాన్ ఫ్రాన్సిస్ పాస్టోరియస్. లోకము జాకో యని పిలిచినది. 1951 డిసెంబరు 1వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమందలి నారిస్టౌనులో జన్మించి, ఫ్లారిడా సముద్రతీరమందలి ఫోర్ట్ లాడర్‌డేలులో పెరిగెను. తండ్రి గాయకుడు, డ్రమ్ములు వాయించువాడు. కుమారుడును తొలుత ఆ విద్యనే పట్టెను. కాని పదుమూడవ యేట బంతియాటలో మణికట్టు దెబ్బతిని, క్రమముగా డ్రమ్ములు కొట్టుట దుర్ఘటమయ్యెను. అంతట బాసు చేపట్టెను.

బాసు నాలుగు లావుపాటి తంత్రులు గల మంద్రస్థాయి వాద్యము. మేళమునకు పునాది వేయుట దాని పని. పునాదిని ఎవరు చూతురు? నిలువెత్తు కొయ్యబాసు ఫిడేలు జాతిది. దానికి మెట్లు లేవు. 1951లోనే లియో ఫెండరు విపణికి తెచ్చిన విద్యుత్ బాసు గిటారు జాతిది. దానికి మెట్లు కలవు. జాకో కొయ్యబాసు నాదమును ప్రేమించి, కూడబెట్టిన సొమ్ముతో ఒకటి సంపాదించెను. ఫ్లారిడా చెమ్మగాలికి అది పగిలిపోయెను. ఇక 1962 నాటి ఫెండరు బాసునుండియే ఆ నాదమును రాబట్ట నిశ్చయించెను. దాని మెట్లు తీయబడినవి. గాట్లు లప్పముతో పూడ్చబడినవి. అయితే లోహతంత్రులు ఒట్టి కొయ్యను కోసివేయును గదా! అందులకు పడవలకు పూయు ఎపాక్సీ లేపనమును పొరలుపొరలుగా పూసెను. ఆ గట్టి పూతపై నాదము గాయకుని కంఠమువలె సాగి, జారి, వణకెను. గమకమెరిగిన మన చెవికి ఇది క్రొత్త గాదు. వారి విద్యుత్ బాసుకు మాత్రము క్రొత్తయే.

1972లో ఊరూర తిరుగు వెయిన్ కాక్రన్ మేళమున చేరెను. ఫంక్ అను సంగీతము నల్లజాతి అమెరికనుల సృష్టి. జేమ్స్ బ్రౌన్ దాని ఆద్యులలో ముఖ్యుడు. నాలుగు దెబ్బల ఆవర్తమున మొదటిదానిపై బరువు మోపి, తక్కిన కాలమును చిన్న తునకలుగా కోయుదురు. జాకో దెబ్బకు నాలుగేసి అక్షరములు, కొన్ని పలికించి కొన్ని అణచి, వాయించెడివాడు. డ్రమ్ములను విడిచిన చేయి డ్రమ్ములను మరువలేదు.

1976లో ఆతని తొలి రికార్డు వెలువడెను. అందు సాక్సఫోనువారు వేగముగా వాయించు ‘డొన్నా లీ’ని కాంగా వాద్యము మాత్రమే తోడుగా బాసుపై వినిపించెను. ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ’లో తంత్రిని నొక్కక, సగమున, మూడవ పాలున, నాల్గవ పాలున వ్రేలితో తాకీ తాకనట్లు తాకి, మన వైణికులు స్వయంభూ స్వరములనునట్టి నాదములతోనే పాట కట్టెను. ఆ యేడే జో జావినులు, వెయిన్ షార్టరుల ‘వెదర్ రిపోర్టు’ జాజ్ మేళమున చేరెను. వారి ‘హెవీ వెదర్’ 1977లో వెలువడి మిగుల ప్రసిద్ధమయ్యెను. లోకమున నన్ను మించిన బాసు వాదకుడు లేడని జావినులుతో తొలి పరిచయముననే చెప్పుకొనెనట. పండితులకీ రోగము మన యెడలను లేకపోలేదు.

అసలు రోగము వేరు. 1982లో మేళమును వీడెను. ఉద్రేకమును కృంగుబాటును మార్చిమార్చి వచ్చు చిత్తవ్యాధి యని వైద్యులు ఆ యేడే నిర్ణయించిరి. మద్యము తోడయ్యెను. న్యూయార్కులో నిలువ నీడ లేక ఉద్యానములలో నిదురించెను. త్రాగి చెడినాడనుట సులభము. మన గ్రామములలోను ఇట్టివారిని గ్రహము పట్టినదని, పొగరెక్కినదని వదలివేయుట నేను చూచితిని. నా శిష్యులలో చక్కని కంఠము గలవాడొకడు అట్లే పోయెను. అప్పుడు నేనును పొగరనియే తలచితిని.

1986లో న్యూయార్కు ఉద్యానమొకదాన ఆ మెట్లు లేని బాసు దొంగలపాలయ్యెను. 1987 సెప్టెంబరు 11న ఫ్లారిడాలోని విల్టన్ మానర్సులో, లోనికి రానీయని ఒక క్లబ్బు వాకిట ఉద్యోగిచే తీవ్రముగా కొట్టబడి, స్మృతి రాకయే 21వ తేదీన మరణించెను. అప్పటికి ముప్పదియైదేండ్లు. మరుసటి యేడు డౌన్‌బీట్ పత్రిక పాఠకులు ఆతనిని తమ కీర్తిమందిరమునకు ఎన్నుకొనిరి. పోయిన బాసు సుమారు ఇరువది యేండ్ల పిమ్మట న్యూయార్కులోనే బయటపడినది.