ఆటస్థలం పద్దు: చిన్న కళాశాలల పెద్ద లెక్క

1852 ఆగస్టు 3వ తేదీన అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో విన్నిపెసాకీ అనే సరస్సుపై హార్వర్డ్, యేల్ కళాశాలల విద్యార్థులు పడవ పందెంలో తలపడ్డారు. ఆ దేశంలో రెండు కళాశాలల మధ్య జరిగిన తొలి క్రీడాపోటీగా దానిని చరిత్రకారులు పేర్కొంటారు. గెలుపు హార్వర్డ్‌ను వరించింది. అయితే గెలుపోటముల కన్న మనకు ఆసక్తి కలిగించే అంశం మరొకటి ఉంది. ఆ విద్యార్థుల ఖర్చులను భరించినది కళాశాలలు కావు, ఒక రైల్వే కంపెనీ! పోటీ చూడడానికి జనం వస్తారు, వచ్చేవారు తమ రైలెక్కుతారు అన్నది ఆ కంపెనీ వారి ఆలోచన. కళాశాల క్రీడ పుట్టిననాడే దాని వెంట జమా ఖర్చుల పుస్తకం కూడా పుట్టిందన్నమాట.

మన దేశంలో కళాశాల చదువు చదివిన వారందరికీ ‘గేమ్స్ ఫీజు’ అనే పద్దు సుపరిచితమే. మా విద్యార్థి దశలో ఆ రుసుమును తరగతిలోని అందరమూ చెల్లించేవారము. బ్యాటు, బంతి మాత్రం ఏటేటా ఆ పదకొండు మంది చేతులలోనే కనిపించేవి. మిగిలినవారము గట్టుమీద కూర్చుని చప్పట్లు కొట్టేవారము. ఖర్చు ఎవరిది, ఫలం ఎవరికి అన్న ప్రశ్న ఆనాడు మాకు తట్టలేదు. ఆ ప్రశ్నను ఎదుర్కొనక తప్పని స్థితి అమెరికాలోని చిన్న కళాశాలలకు వచ్చింది. వాటిలో కొన్నింటి అనుభవాన్ని పాఠకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పెద్దల ఆట, చిన్నల ఆట

అమెరికాలో కళాశాల తరఫున పోటీలకు వెళ్ళే అధికారిక జట్టును ‘వర్సిటీ’ జట్టు అంటారు. ఈ పోటీలను నియంత్రించే ప్రధాన సంస్థ ఎన్.సి.ఎ.ఎ. దీని పుట్టుక 1906లో. 1973లో ఇది తన సభ్య విద్యాసంస్థలను మూడు శ్రేణులుగా విభజించింది.

మొదటి శ్రేణిలోని పెద్ద విశ్వవిద్యాలయాల క్రీడలు టెలివిజన్ హక్కులతో, లక్షమంది కూర్చునే స్టేడియములతో కూడిన వ్యాపారం. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒక ఒప్పందం ప్రకారం ఒక్కొక్క విశ్వవిద్యాలయం తొలి ఏడాదిలో సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు క్రీడాకారులకు నేరుగా పంచవచ్చును. ఇంత ధనం ఆడుతున్న ఆ శ్రేణిలో సైతం ఆటల ఆదాయంతోనే ఆటల ఖర్చును పూడ్చుకోగలిగిన సంస్థలు కొద్దియే. తక్కినవాటిలో లోటును విశ్వవిద్యాలయపు సాధారణ నిధి నుండి, విద్యార్థులందరి నుండి వసూలు చేసే రుసుముల నుండి భర్తీ చేస్తారు. పిల్లలను అక్కడి చదువులకు పంపిన తల్లిదండ్రులు మన సంస్థలోనూ ఎందరో ఉన్నారు. ఫీజు రశీదులోని చిన్న పద్దులను ఒకసారి చదివి చూడవలసినదిగా వారికి మా సూచన.

మూడవ శ్రేణి కథ వేరు. సుమారు 430 సంస్థలు గల ఈ శ్రేణియే అన్నిటికన్న పెద్దది. ఇందులో అత్యధికం చిన్న ప్రైవేటు కళాశాలలు. ఆటలో నైపుణ్యాన్ని బట్టి స్కాలర్‌షిప్పు ఇవ్వడం ఇక్కడ నిషిద్ధం. టెలివిజన్ సొమ్ము రాదు, టిక్కెట్ల మీద వచ్చేది చెప్పుకోదగినది కాదు. అయినను ఒక్కొక్క కళాశాల పదిహేను, ఇరవై జట్లను పోషిస్తూ ఉంటుంది. రాబడి లేని ఈ పనికి అంత ఖర్చెందుకని ఎవరికైనా సందేహం కలుగుతుంది.

గీత ఎక్కడ గీయాలి?

ఇంజనీర్లమైన మాకు ఈ సందేహం పాత మిత్రుని వంటిది. ఏ యంత్రం దక్షతను లెక్క కట్టాలన్నా ముందుగా దాని చుట్టూ ఒక ఊహారేఖ గీస్తాము. గీత లోపలికి వచ్చినదెంత, బయటికి పోయినదెంత అని చూస్తాము. బాయిలర్ చుట్టూ గీస్తే ఒక అంకె వస్తుంది. టర్బైనును, కండెన్సరును కూడ కలుపుకొని గీస్తే అంతకంటె చాల తక్కువ అంకె వస్తుంది. రెండూ నిజమే. మనం అడుగుతున్న ప్రశ్నకు తగిన గీత ఏదన్నదే ముఖ్యం.

చిన్న కళాశాల క్రీడల పద్దు కూడ ఇట్టిదే. క్రీడావిభాగం చుట్టూ మాత్రమే గీత గీస్తే అది నికరమైన నష్టం. కళాశాల మొత్తం చుట్టూ గీస్తే లెక్క మారవచ్చును. విద్యార్థుల జీవితకాలం చుట్టూ గీస్తే మరింత మారవచ్చును. ఈ మూడు గీతలనూ గీసి చూసినవారు ఉన్నారు.

ఆపిన వారు

ఆటను ఆపడమన్నది కొత్త ఆలోచన కాదు. చిన్న కళాశాల కాకపోయినా షికాగో విశ్వవిద్యాలయాన్ని ఈ సందర్భంలో తలచుకోవాలి. ఒకప్పుడు ఫుట్‌బాల్‌లో (అమెరికన్ పద్ధతి ఆటలో) మేటిగా వెలిగిన ఆ సంస్థ, అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్ కాలంలో, 1939లో ఆ జట్టునే రద్దు చేసింది. ఆట వెళ్ళిపోయిన ఆ స్టేడియం మెట్ల కింది గదిలో 1942 డిసెంబరు 2న ఎన్రికో ఫెర్మీ బృందం ప్రపంచంలో తొలి నియంత్రిత అణు శృంఖల చర్యను సాధించింది. అదే విశ్వవిద్యాలయం 1969లో ఫుట్‌బాల్ జట్టును తిరిగి నెలకొల్పింది. ఇప్పుడది మూడవ శ్రేణిలో నిరాడంబరంగా ఆడుకుంటున్నది.

ఇటీవలి ఉదాహరణ అట్లాంటా నగరంలోని స్పెల్మన్ కళాశాల. నల్లజాతి మహిళల విద్య కోసం 1881లో వెలసిన ప్రసిద్ధ సంస్థ ఇది. 2012 నాటికి అక్కడ సుమారు 2,100 మంది విద్యార్థినులు. వర్సిటీ జట్లలో ఆడేవారు సుమారు 80 మంది. ఆ జట్ల మీద ఏటా అవుతున్న ఖర్చు సుమారు 9 లక్షల డాలర్లు. భాగిస్తే ఆడే ఒక్కొక్కరికి 11 వేల డాలర్లకు పైమాటే. మరొక ప్రక్క, కొత్తగా చేరిన విద్యార్థినులలో దాదాపు సగంమందికి అధిక రక్తపోటో, మధుమేహమో, స్థూలకాయమో, అటువంటి మరొక దీర్ఘవ్యాధియో ఉన్నట్లు తేలింది. అప్పటి అధ్యక్షురాలు బెవర్లీ డానియల్ టేటమ్ గీతను పెద్దదిగా గీశారు. 2012-13 విద్యాసంవత్సరంతో ఎన్.సి.ఎ.ఎ. నుండి వైదొలగి, ఆ సొమ్మును విద్యార్థినులందరి వ్యాయామానికీ ఆరోగ్యానికీ మళ్ళించారు. నడక, ఈత, యోగా, నృత్యం వంటివి పతకాలు తెచ్చిపెట్టవు. కాని చదువు ముగిసి ఇల్లు, ఉద్యోగం, పిల్లలు అని సతమతమయ్యే నలభయ్యవ ఏట కూడ అవి వెంట ఉంటాయి.

ఈ నిర్ణయం వలన నష్టపోయినవారు లేకపోలేదు. ఆ 80 మందికి అది తీరని ఆశాభంగమే. ఏ గీత గీసినా గీతకు ఆవల ఎవరో ఒకరు మిగిలిపోతారు.

పెంచిన వారు

మిషిగన్ రాష్ట్రంలోని ఏడ్రియన్ కళాశాల పూర్తిగా ఎదురు దారి పట్టింది. 2005లో జెఫ్రీ డాకింగ్ అధ్యక్షుడుగా వచ్చేనాటికి అక్కడ విద్యార్థులు సుమారు 840 మంది మాత్రమే. ఆయన ఖర్చు తగ్గించలేదు, పెంచారు. మంచు హాకీ మైదానం, కొత్త స్టేడియం కట్టించి కొత్త జట్లను ప్రారంభించారు. ప్రతి శిక్షకునికీ ఏటా ఇంతమంది విద్యార్థులను కళాశాలలో చేర్పించాలని ఒక లక్ష్యం విధించారు. దశాబ్దం తిరిగేసరికి విద్యార్థుల సంఖ్య దాదాపు రెట్టింపయింది. ఆడాలన్న కోరికతో వచ్చిన విద్యార్థి ట్యూషన్ ఫీజు, హాస్టలు ఫీజు చెల్లిస్తాడు గదా! ఈ లెక్కలో క్రీడ ఖర్చు కాదు, కళాశాలకు సింహద్వారం.

ఈ మార్గాన్ని ఎన్నో చిన్న కళాశాలలు అనుసరించాయి. కాని ఇందులో ఒక చిక్కు ఉంది. కేవలం ఉదాహరణకు ఒక లెక్క వేసి చూద్దాము. ఒక కళాశాల ప్రకటిత ఫీజు 40,000 డాలర్లు, అందులో ఇచ్చే రాయితీ 22,000 అనుకుందాము. (అక్కడి ప్రైవేటు కళాశాలలలో కొత్త విద్యార్థులకు ఇచ్చే సగటు రాయితీ ప్రకటిత ఫీజులో సగానికి మించిపోయింది.) చేతికి వచ్చేది 18,000. కొత్త జట్టు ద్వారా 40 మంది చేరితే 7 లక్షల 20 వేలు. జట్టు ఖర్చు 4 లక్షలు. మిగులు 3 లక్షల 20 వేలు. చూడడానికి ఎంతో బాగుంది. అయితే ఆ నలభైమందిలో సగంమంది జట్టు లేకపోయినా అదే కళాశాలలో చేరి ఉండేవారైతే? అప్పుడు జట్టు మూలాన నిజంగా వచ్చినది 3 లక్షల 60 వేలే. మిగులు కాస్తా 40 వేల లోటుగా మారుతుంది. పుస్తకంలోని అంకెలు ఏవీ మారలేదు. ‘జట్టు లేకపోతే ఏమయ్యేది’ అన్న ఒక్క ప్రశ్న వేసినందుకే ఫలితం తారుమారైంది.

పైగా పొరుగు కళాశాలలన్నీ అవే జట్లను పెట్టినపుడు ఎవరికీ ప్రత్యేకత మిగలదు. అమెరికాలో జననాల సంఖ్య 2007లో శిఖరానికి చేరి ఆ తరువాత తగ్గుముఖం పట్టింది. ఆనాటి శిశువులు 2025 నాటికి పద్దెనిమిదేండ్లవారు. ఇకమీదట కళాశాల వయసు పిల్లల సంఖ్య తగ్గుతూ పోతుంది. నీరు తగ్గుతున్న చెరువులో ఎన్ని వలలు వేసినా చేపలు పెరగవు.

చివరి ఆట

ఇక అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్-సదరన్ కళాశాల కథ. వేయి, పదిహేను వందల విద్యార్థులు గల ఈ సంస్థ ఒక దశలో మొదటి శ్రేణిలో పెద్దలతో సమానంగా ఆడింది. ‘తాను దూర సందు లేదు, మెడకో డోలు’ అన్న సామెత గుర్తుకు వచ్చిందో ఏమో, 2006లో మూడవ శ్రేణికి దిగిరావాలని నిశ్చయించుకుంది. పిండి కొద్దీ రొట్టె అన్నమాట. స్కాలర్‌షిప్పుల భారం తగ్గుతుందని, కొత్తగా పెట్టే ఫుట్‌బాల్ జట్టు వలన ఫీజు చెల్లించే విద్యార్థులు పెరుగుతారని ఆశ.

క్రీడల పద్దును సరిదిద్దుకున్న ఆ కళాశాల మిగిలిన పద్దులలో చిక్కుకుపోయింది. కట్టడాలకు తెచ్చిన అప్పులు, కరిగిపోయిన మూలనిధి, 2010లో బయటపడిన ఆర్థిక సహాయపు లెక్కల పొరపాటు, అన్నీ కలిసి కోలుకోనివ్వలేదు. రాష్ట్ర ప్రభుత్వం నుండి కోరిన ఋణం అందలేదు. 2024 మే 31న కళాశాలను మూసివేయాలని ఆ ఏడాది మార్చిలో పాలకమండలి తీర్మానించింది.

ఆ వసంతంలోనే కళాశాల బేస్‌బాల్ జట్టు వరుస విజయాలతో మూడవ శ్రేణి జాతీయ పోటీల తుది ఘట్టానికి అర్హత సంపాదించింది. ఆ పోటీలు ఒహాయో రాష్ట్రంలో ప్రారంభమైనది కూడ సరిగ్గా మే 31వ తేదీనే! ఆనాడు వారు ఆడిన తొలి ఆటలో 7-5 తేడాతో ఓడారు. మరునాడు, అంటే వారి కళాశాల లేని తొలినాడు, చివరి క్షణాన కొట్టిన దెబ్బతో 9-7గా గెలిచారు. జూన్ 2న 11-10తో, ఒకే ఒక్క పరుగు తేడాతో, నిష్క్రమించారు. ప్రయాణ ఖర్చులకు దేశం నలుమూలల నుండి దాతలు విరాళాలు పంపారు. ఆ ఆటగాండ్ల చొక్కాలపై ఉన్న పేరుగల సంస్థ అప్పటికి లేదు, జట్టు మాత్రం మైదానంలో ఉంది.

ఈ జట్టు వలన కళాశాల మూతపడిందనడం అన్యాయం. ఈ జట్టు వంటివి కళాశాలను నిలబెట్టగలవనుకోవడమూ పొరపాటే. క్రీడ ఒక సంస్థకు ప్రాణం పోయలేదు. కాని ఆ సంస్థ ఎందుకు బ్రతికి ఉండాలో నలుగురికీ చూపించగలదు. దానికి ఏ గడిలో అంకె వేయాలో మాకు తెలిసిన ఏ లెక్కల పుస్తకమూ చెప్పదు.

మన మైదానం సంగతి

ప్రభుత్వరంగ సంస్థలలో పనిచేసే మనకు ఇది పరాయి కథ కాదు. మన టౌన్‌షిప్పులలోనూ మైదానాలున్నాయి, రిక్రియేషన్ క్లబ్బులున్నాయి, సంక్షేమ నిధిలో క్రీడలకు పద్దు ఉంది. ఏటేటా అంతర్ విభాగ పోటీలకు మనం జట్లను పంపుతాము, కప్పులు వస్తే గాజు బీరువాలో పెడతాము. అది గర్వించదగిన విషయమే. పొదుపు మాట వచ్చినపుడు మొట్టమొదట కత్తెర పడేది కూడ ఆ పద్దు మీదనే.

కత్తెర వేయడానికైనా, పెంచడానికైనా ముందు గీత ఎక్కడ గీస్తున్నామో చెప్పుకోవడం అవసరం. అందుకు మాదొక చిన్న విన్నపం. వచ్చే ఏడాది క్రీడల బడ్జెట్టు తయారుచేసే మిత్రులు ఖర్చు గడి ప్రక్కన మరొక గడి చేర్చాలి. ఆ ఏడాది మైదానంలో అడుగుపెట్టినవారు ఎందరు, అందులో స్త్రీలెందరు, పిల్లలెందరు, నలభై దాటినవారెందరు అన్న వివరం అందులో రాయాలి. జట్టులో ఆడిన పదకొండుగురిని ఒకసారే లెక్కించాలి.

ఆ గడిలో అంకె చిన్నదిగా ఉంటే నేరం జట్టుది కాదు. సాయంత్రం షిఫ్టు దిగి, గట్టుమీద కూర్చుని చప్పట్లు కొట్టి ఇంటికి పోయే మా బోటివారిది కూడ. మైదానం గేటు ఆరు గంటలకు తెరుస్తారు. రేపటినుండి మేమూ నాలుగు చుట్లు నడవాలని సంకల్పించుకున్నాము. పాఠకులు సకుటుంబంగా తోడు వస్తారని ఆశిస్తున్నాము.