పతకం తెచ్చినవాడే పాఠం చెప్పగలడా?

ఆమదాలవలస: వేసవి సెలవులు వచ్చాయంటే ఆటల శిక్షణ శిబిరాల కరపత్రాలు గోడలకెక్కుతాయి. ఫలానా పోటీల్లో పతకం సాధించిన క్రీడాకారుడు స్వయంగా నేర్పుతాడని వాటిపై పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆ ఒక్క మాట చూసి ఫీజు కట్టే తల్లిదండ్రులు ఉన్నారు. తమ ఊరి బడిలో డ్రిల్లు మాస్టారు తెల్లవారేసరికి మైదానంలో ఉన్నా, "ఆయనేం ఆడాడు గనుక?" అని తేలిగ్గా తీసిపారేసేవారూ ఉన్నారు. బాగా ఆడినవాడు బాగా నేర్పుతాడా అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ శ్రీకాకుళం జిల్లావాసులు దూరం పోనక్కరలేదు.

ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో కాంస్య పతకం గెలుచుకుంది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. అంతకు ముందే 1994, 1995లలో ప్రపంచ విజేతగా నిలిచింది. ఈ సంగతి జిల్లాలో చిన్నపిల్లలకు సైతం తెలుసు. ఆమె చేత తొలినాళ్ళలో బరువులు ఎత్తించిన నీలంశెట్టి అప్పన్న మాస్టారి పేరు మాత్రం ఆమదాలవలస పొలిమేర దాటితే తెలిసినవారు తక్కువే. ఆయన ఒలింపిక్స్‌లో బరువెత్తిన మనిషి కారు. కాని బక్కపలచని పిల్ల చేతికి ఇనుప కడ్డీ ఇచ్చినప్పుడు నడుము ఎలా నిలపాలి, పాదాలు ఎంత ఎడంగా పెట్టాలి, ఊపిరి ఎక్కడ బిగించాలి అన్నవన్నీ మొదటి రోజునుంచే సరిచూడాలి. పది కిలోల దగ్గర పడిన తప్పు అలవాటు వంద కిలోల దగ్గర నడుం విరుస్తుంది. ఈ పని చేసేవారికి ఉండవలసినది కండబలం కంటే ఓపిక.

మహావీరుడి పాత్ర కూడా ఈ కథలో లేకపోలేదు. సోవియట్ దేశానికి చెందిన లియోనిద్ తారానెంకో 1980 మాస్కో ఒలింపిక్స్ స్వర్ణ విజేత. 1988లో 266 కిలోలు తలపైకి ఎత్తి లోకాన్ని విస్తుపోయేలా చేసినవాడు. 1990లో ఆసియా క్రీడలకు ముందు జరిగిన జాతీయ శిబిరానికి మల్లీశ్వరి అక్క వెంట ఊరికే చూడటానికి వెళ్ళింది. తారానెంకో కంట పడింది. ఏదీ, ఎత్తి చూపమన్నాడు. చూసి, బెంగుళూరు శిక్షణ కేంద్రానికి పంపించాడు. రత్నాన్ని గుర్తుపట్టే కన్ను గొప్ప ఆటగాడికి ఉంటుందనడానికి ఇది నిదర్శనం. అయితే ఆనాడు ఆ పిల్ల ఎత్తి చూపినది ఆమదాలవలసలో నేర్చిన విద్యే.

శిక్షకుడి పని బలానికి సంబంధించినది కాదనడానికి సిడ్నీలోనే మరో సాక్ష్యం ఉంది. మల్లీశ్వరి మొదటి పద్ధతిలో 110, రెండో పద్ధతిలో 130, వెరసి 240 కిలోలు ఎత్తింది. స్వర్ణం పొందిన చైనా మహిళ, రజతం పొందిన హంగరీ మహిళ ఎత్తినవి చెరి 242.5. చివరి ప్రయత్నానికి మల్లీశ్వరి కడ్డీకి 137.5 కిలోలు తగిలించారు. ఒక్కసారిగా ఏడున్నర కిలోల పెంపు. బరువు నిలవలేదు. 135 పెట్టి ఉంటే మొత్తం 245 అయ్యేది కదా అని జిల్లాలో ఇప్పటికీ అనుకునేవారున్నారు. అది కూడా లేచేదో లేదో ఎవరూ చెప్పలేరు. వేదిక పక్కన గడియారం నడుస్తుండగా కూడికలు, తీసివేతలు తప్పకుండా చేయడమూ ఒక విద్యేనని తెలుసుకుంటే చాలు.

ఫుట్‌బాల్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడిపంతులు. స్థానిక జట్లలో ఆడారే గాని అంతర్జాతీయ ఆటగాడు కారు. ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. 1962 జకార్తాలో రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే పక్కన కూర్చోబెట్టేవారు. రహీం మాత్రం అతణ్ణి తెచ్చి ముందు వరుసలో గోల్ కొట్టేవాడిగా నిలబెట్టారు! సెమీ ఫైనల్లో ఒక గోల్, దక్షిణ కొరియాతో ఫైనల్లో ఒక గోల్ జర్నైల్ కొట్టాడు. భారత్ 2-1తో నెగ్గింది. అప్పటికే రహీం ఒంట్లో కాన్సర్ ఉంది. 1963 జూన్‌లో కన్నుమూశారు. ఫైనల్లో మరో గోల్ కొట్టిన పి.కె. బెనర్జీ తర్వాత తానే పేరుమోసిన శిక్షకుడయ్యాడు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు నేర్పినవారిలో అతనొకడు. మంచి గురువు దగ్గర నేర్చిన ఆటగాడికి ఆటతోపాటు నేర్పే తీరు కూడా అబ్బుతుంది కాబోలు.

క్రికెట్ సంగతి చూస్తే 1983లో ప్రపంచ కప్పు తెచ్చిన కపిల్ దేవ్ 1999లో భారత జట్టు కోచ్ అయ్యాడు. ఆస్ట్రేలియాలో మూడు టెస్టులూ పోయాయి. స్వదేశంలో దక్షిణాఫ్రికా చేతిలో రెండూ పోయాయి. ఏడాది నిండకుండానే తప్పుకున్నాడు. తప్పంతా ఆయనదే అనడం న్యాయం కాదు గాని, వికెట్లు తీసిన చేయి వికెట్లు తీయించలేకపోయిందన్నది వాస్తవం. సచిన్ టెండుల్కర్ గురువు రమాకాంత్ ఆచ్రేకర్ ఆడిన ఫస్ట్ క్లాస్ మ్యాచ్ ఒకే ఒక్కటి. ఆయన వికెట్ మీద రూపాయి బిళ్ళ పెట్టేవారు. సచిన్‌ను ఔట్ చేసినవాడికి ఆ రూపాయి. ఎవరూ చేయలేకపోతే సచిన్‌కే.

ఇంతమాత్రాన గొప్ప ఆటగాళ్ళు నేర్పలేరని కాదు. ప్రకాశం జిల్లాలో పుట్టిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లాండ్ బాడ్మింటన్ విజేత. 2008లో హైదరాబాద్ గచ్చిబౌలిలో అకాడమీ తెరవడానికి ఇల్లు తాకట్టు పెట్టారు. ఆయన శిష్యురాళ్ళలో సైనా నెహ్వాల్ 2012లో కాంస్యం, పి.వి. సింధు 2016లో రజతం ఒలింపిక్స్‌లో సాధించారు. రియో పోటీలకు ముందు సింధు చేతినుంచి మూడు నెలలు ఫోన్ తీసుకున్నారు. ఐస్‌క్రీం మాన్పించారు. ఆడే రోజుల్లో గోపీచంద్ మోకాలు పాడై, శస్త్రచికిత్సలు జరిగి, మళ్ళీ అడుగులు నేర్చుకున్నారు. పడి లేచినవాడికి మెట్లు ఎన్నో తెలుస్తాయి. పుట్టుకతోనే చేయి తిరిగినవాడికి తాను ఎలా చేస్తున్నదీ తనకే తెలియదు. "ఇలా కొట్టు" అని చూపుతాడు. పిల్లవాడు కొట్టలేకపోతే విసుక్కుంటాడు.

కనుక శిబిరానికి వెళ్ళే తండ్రి గోడమీది పతకాలు లెక్కపెట్టడం కాదు, గంటసేపు గట్టున నిలబడి చూడాలి. అందరికంటే వెనకబడిన పిల్ల దగ్గరికి కోచ్ ఎన్నిసార్లు వెళ్ళాడు? తప్పు ఎక్కడుందో చెప్పాడా, తప్పని అరిచాడా? ఫలానా బరువు ఈరోజు వద్దని ఎవరినైనా ఆపాడా? బరువులాటలో ఈ చివరిది మరీ ముఖ్యం.

మల్లీశ్వరి సైతం ఇప్పుడు నేర్పేవారి వరుసలో చేరింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్‌గా నియమితురాలైంది. బరువులెత్తడం నేర్పే అకాడమీని అత్తవారి రాష్ట్రమైన హర్యానాలో, యమునానగర్‌లో నెలకొల్పింది. శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఆమదాలవలసలోనే ఉంది. అక్కడ రైలెక్కిన ఊసవానిపేట పిల్లలకు యమునానగర్ రెండు రోజుల ప్రయాణం.