త్రికశ్రోణి కీలు వ్యాధి - బ్రూసెల్లోసిస్: ఒక పరిభాషా పరిశీలన

వ్యాససంగ్రహం: వెన్ను దిగువ కీళ్లకు సోకే బాక్టీరియా వ్యాధులలో బ్రూసెల్లోసిస్‌ను గుర్తించడంలో పశుపోషకుల వ్యవహారపదాల ప్రాధాన్యాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: త్రికశ్రోణి కీలు, బ్రూసెల్లా, ఈసుకపోవడం, మహబూబాబాద్.

1. ఉపోద్ఘాతం

మహబూబాబాద్ జిల్లాలో గొల్ల, కురుమ కుటుంబాలకు గొర్రెలు, మేకల పెంపకం ప్రధాన జీవనాధారం. 2017లో రాష్ట్రప్రభుత్వం ప్రారంభించిన పథకం ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున రాయితీపై అందించింది. మందతో మనిషికున్న ఈ సాన్నిహిత్యమే ఒక వ్యాధికి మార్గం కాగలదు.

2. వ్యాధి స్వరూపం

వెన్ను చివరి త్రికాస్థిని తుంటి ఎముకతో కలిపేది త్రికశ్రోణి కీలు. చీము పట్టే వ్యాధికి స్టెఫైలోకాకస్ ఆరియస్ ముఖ్యకారకం. అది తీవ్రజ్వరంతో, సాధారణంగా ఒక పక్కనే వస్తుంది. బ్రూసెల్లా మాత్రం నెమ్మదిగా సాగుతుంది. విడిచివిడిచి వచ్చే జ్వరం, రాత్రి చెమటలు, పిరుదులోని నొప్పి దాని లక్షణాలు. తొలివారాలలో ఎక్స్‌రేలో మార్పు కనిపించకపోవచ్చు. ఎమ్మారై ముందుగా పట్టగలదు.

3. పశువు నుండి మనిషికి

1887లో మాల్టాలో డేవిడ్ బ్రూస్ ఈ క్రిమిని గుర్తించాడు. మేకపాలే వాహకమని 1905లో జమిట్ నిరూపించాడు. పచ్చిపాలతో పాటు ఈసుకపోయిన పిండం, మావి ద్వారానూ ఇది సోకుతుంది. 2019 నాటి జాతీయ కార్యక్రమం బ్రూసెల్లోసిస్ టీకాను 4-8 నెలల ఆవు, గేదె పెయ్యలకు ఉద్దేశించింది. మనిషిలో తీవ్రవ్యాధి కలిగించే మెలిటెన్సిస్ రకానికి ప్రధాన ఆశ్రయమైన గొర్రెలు, మేకలు ఆ టీకా పరిధిలో లేవు.

4. పరిభాష - నిర్ధారణ

పశువుల గర్భస్రావాన్ని పల్లెజనం 'ఈసుకపోవడం' అంటారు. మనిషి బాధను 'నడుము నొప్పి' అంటారు. ఈ రెండు మాటలు వేర్వేరు సందర్భాలకు చెందడంతో రోగి వాటిని కలిపి చెప్పడు. 'గర్భస్రావం' అన్న గ్రాంథికపదంతో అడిగితే కాపరి దానిని మందకు అన్వయించుకోకపోవచ్చు. 'మందల గొర్రెలు ఈసుకపోయినయా?' అన్న ప్రశ్నే రక్తపరీక్షకు దారి చూపగలదు. ఈ ప్రశ్న లేనిచోట వ్యాధిని వెన్ను క్షయగా పొరబడే అవకాశముంది. రిఫాంపిసిన్ రెండు చికిత్సలలోనూ ఉన్నా, మందుల కూర్పు, కాలవ్యవధి వేరు. బ్రూసెల్లోసిస్‌కు డాక్సీసైక్లిన్‌తో మరొక మందును కలిపి కనీసం ఆరువారాలు ఇస్తారు. కీళ్లకు సోకితే ఇంకా ఎక్కువకాలం. మధ్యలో మానితే వ్యాధి తిరగబెడుతుంది.

5. ముగింపు

పాలు మరిగించడం, ఈసుకపోయిన పిండాన్ని ఒట్టిచేతులతో ముట్టక పాతిపెట్టడం సులభమైన నివారణోపాయాలు. వైద్యపరిభాషా నిర్మాణంలో సంస్కృత సమాసాలతో పాటు కాపరుల మాటలకూ స్థానం కల్పించడం భాషాసేవ మాత్రమే కాదు, రోగనిర్ధారణకు ఉపకరణం కూడా.