పుటను విడిచి చదువుట

కంప్యూటరు మీటలు నొక్కి, కావలసిన మాట వ్రాసి, వెదకి చూపిన బాలుడు డిజిటల్ అక్షరాస్యుడైనాడని మన పాఠశాలలలో పలువురు తలంచుచున్నారు. కాని అక్షరములు కూడబలుక నేర్చినంతమాత్రమున కావ్యార్థము బోధపడనట్లే, వెదక నేర్చినంతమాత్రమున దొరకినదాని విలువ కట్టుట అలవడదు. తరగతిలో ముఖ్యముగా నేర్పవలసినది ఈ రెండవ విద్యయే.

ఇది పాండిత్యమువలన దానంతట వచ్చునది కాదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులగు శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో ప్రకటించిన యొక అధ్యయనమున, 10 మంది చరిత్ర పండితులకును, 25 మంది విద్యార్థులకును, వార్తల నిజానిజములు తేల్చుటయే వృత్తిగాగల 10 మందికిని కొన్ని వెబ్‌సైట్లు చూపి, వేనిని నమ్మవచ్చునో చెప్పుమనిరి. వానిలో రెండు బాలవైద్యుల సంఘములవి: ఒకటి 1930లో పుట్టి వేలకొలది వైద్యులు సభ్యులుగా గలది, రెండవది 2002లో దానినుండి చీలిన చిన్న వర్గము. పేర్లు రెండును గంభీరములే. విద్యార్థులలో పలువురు చీలిక వర్గమునే నమ్మిరి. పాతపత్రముల పరిశీలనయందు ఆరితేరిన పండితులు సైతము కొందరు తడబడిరి. నిజనిర్ధారకులలో మాత్ర మొక్కరును మోసపోలేదు. వారు పుటను పైనుండి క్రిందివరకు చదువుచు కూర్చుండక, క్షణమాత్రము చూచి, దానిని విడిచి, ప్రక్కన మరియొక పుట తెరచి, ఈ సంఘము వారెవరు, వీరినిగూర్చి ఇతరు లేమనుచున్నారు అని వెదకిరి. పుస్తకమును చివరిదాక శ్రద్ధగా చదువుమని బోధించిన మనకిది వింతగా తోచును; కాని పాఠ్యపుస్తకమునకు పూచీపడువా రున్నారు, తెరపై కనబడు పుటకు పూచీ యెవరో చదువరియే తెలిసికొనవలెను.

ఈ అవసరము మనకు దూరమైనది కాదు. పిల్లలనెత్తుకొనిపోవు దొంగలు తిరుగుచున్నారను అసత్యపు వాట్సాప్ సందేశములు 2018లో దేశమున పలుచోట్ల నిరపరాధుల ప్రాణములు బలిగొన్నవి. తెలంగాణములోని గద్వాల ప్రాంతమున జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి తన సిబ్బందిని ఊరూరికి పంపి, జానపద కళాకారులచేత పాడించి, ఆ వదంతులను నమ్మవలదని చెప్పించిరి. ఆ సంవత్సరమే కేరళములోని కన్నూరు జిల్లాలో ‘సత్యమేవ జయతే’ యను పేర ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు అబద్ధపు వార్తలను గుర్తించు పాఠములు చెప్పిరి. మొదటిది మంట నార్పుటకు చేసిన మహోపకారము. రెండవదానిని ప్రతి పాఠశాలయు చేపట్టవలెనని నా దృఢవిశ్వాసము, ఏలయన తరగతిలో ప్రశ్నింప నేర్చిన బిడ్డ ఇంటికేగి తండ్రి ఫోనులోని సందేశమునుగూడ ప్రశ్నించును.

ఇందుకు గదినిండ కంప్యూటర్లు అక్కరలేదు. ఉపాధ్యాయ మహాశయులారా, ఈ వారమే మీ ఊరి ఫోనులలో తిరుగుచున్న సందేశము నొకదానిని నల్లబల్లపై వ్రాయుడు. దీని వెనుక ఎవరున్నారు, దీనికి ఆధారమేమి, తక్కినవారేమి చెప్పుచున్నారు అని పిల్లలనడిగి, మీ ఒక్క ఫోనుతోనే వారిచేత వెదకింపుడు.